గురి కోసం ఎయిర్ రైఫిల్: తక్కువ డబ్బులో దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టకూడదు

ఎయిర్ రైఫిల్ ప్రకటన ఏది చూసినా ముందు కంటపడేది వేగం. సెకనుకు 1000 అడుగులు, 1100 అడుగులు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. తిరుపతిలోనో చిత్తూరులోనో పిల్లలకు షూటింగ్ నేర్పిద్దామనుకునే తల్లిదండ్రులు, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో ఒకసారి రైఫిల్ పట్టి ఆ రుచి మరిగినవాళ్లు ఆ అంకె చూసే బేరం మొదలుపెడతారు. వేగం ఎక్కువుంటే తుపాకీ మంచిదని, దెబ్బ సూటిగా తగులుతుందని నమ్మకం. పది మీటర్ల దూరంలో కాగితం మీద గురి చూసి కొట్టే ఆటకు ఆ అంకెతో దాదాపు పనే లేదు. పరిమితమైన డబ్బుతో కొనేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది కూడా అదే.

ఎందుకో లెక్క వేస్తే తెలిసిపోతుంది. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల, అంటే 4.5 మిల్లీమీటర్ల లోపలి అడ్డుకొలత ఉన్న గొట్టం ఉండి, పెల్లెట్ (గొట్టంలోంచి వెళ్లే చిన్న సీసపు గుండు) శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అంతకంటే పెద్ద గొట్టం ఉన్నా, 20 జౌళ్లు దాటినా లైసెన్సు తీసుకోవాలి. గురి ఆటకు వాడే పెల్లెట్ బరువు సాధారణంగా 0.53 గ్రాములు. ఆ పెల్లెట్ సెకనుకు 1000 అడుగుల వేగంతో, అంటే సుమారు 305 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి 24 జౌళ్లు దాటుతుంది. లైసెన్సు లేకుండా అమ్మే తుపాకీలో అది ఉండకూడదు. 20 జౌళ్ల హద్దులో ఉంటూ 0.53 గ్రాముల పెల్లెట్‌ను పంపగల వేగం 900 అడుగుల దగ్గరే ఆగుతుంది. 1000 అని రాసినవాళ్లు 0.43 గ్రాములో అంతకన్నా తేలికో ఉండే పెల్లెట్‌తో కొలిచి రాసి ఉండాలి, లేదా ఆ అంకె ఉత్తమాటై ఉండాలి.

ఇక అసలు పోటీ రైఫిళ్ల సంగతి. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ను సుమారు సెకనుకు 175 మీటర్ల వేగంతో పంపుతుంది. అడుగుల్లో 575 అనుకోవచ్చు. శక్తి 8 జౌళ్ల చుట్టుపక్కల. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ తరహా నెమ్మది రైఫిళ్లతోనే. లక్షలు పోసి కొనే రైఫిల్‌లో లేని వేగాన్ని పదివేల రైఫిల్‌లో కోరుకోవడం దేనికో కొనేముందు ఎవరికివారు ఒకసారి ఆలోచించుకోవాలి.

మరి గురి ఆటకు కావలసిందేమిటి? దానికి టార్గెట్ కార్డు కొలతలు తెలియాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులో బయటి వలయం అడ్డుకొలత 45.5 మిల్లీమీటర్లు. లోపలికి వచ్చేకొద్దీ ఒక్కో వలయం 5 మిల్లీమీటర్లు తగ్గుతూ తొమ్మిది దగ్గర 5.5 అవుతుంది. పది అంటే నడిమధ్య అర మిల్లీమీటరు చుక్క, ఆవగింజలో సగం కూడా ఉండదు. అయితే పెల్లెట్ రంధ్రం అంచు వలయం గీతను తాకితే చాలు, పై స్కోరే ఇస్తారు. పెల్లెట్ అడ్డుకొలత 4.5 కాబట్టి, దాని కేంద్రం మధ్యచుక్క నుంచి రెండున్నర మిల్లీమీటర్లలోపు పడితే పది, ఐదు మిల్లీమీటర్లలోపు పడితే తొమ్మిది.

దీన్నిబట్టి చవక రైఫిల్‌కు ఒక పరీక్ష తయారవుతుంది. పది మీటర్ల నుంచి, ఇసుక సంచి మీద ఆనించి, ఒకే చోట గురిపెట్టి ఐదు పెల్లెట్లు కొట్టాలి. బయటి రంధ్రాల అంచు నుంచి అంచుకు కొలిచి, అందులోంచి 4.5 తీసేయాలి. వచ్చినది పది మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో అయితే ఆ రైఫిల్ నేర్చుకునేవాడికి సరిపోతుంది. గురిచూపు సరిగ్గా మధ్యకు సర్దుకుంటే అలాంటి రైఫిల్ తన తప్పుగా తొమ్మిది కిందికి దాదాపు పోనివ్వదు. ఏడో, ఆరో పడితే ఆ పొరపాటు కొట్టినవాడి చేతిదో, కంటిదో, ఊపిరిదో అని తెలిసిపోతుంది. నేర్చుకునేవాడికి రైఫిల్ చేయగల పెద్ద ఉపకారం ఇదే. తప్పు ఎవరిదో తేలనివ్వని తుపాకీతో ఏడాది సాధన చేసినా చెయ్యి కుదరదు, పైగా లేనిపోని అలవాట్లు పడతాయి.

ఈ పరీక్ష కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. న్యూస్‌పేపర్ మీద కొడితే రంధ్రం చిరిగిపోయి కొలత రాదు. మందపాటి కార్డు కావాలి, ముందుభాగం చదునుగా ఉండే పెల్లెట్ కావాలి. చదును పెల్లెట్ కాగితాన్ని పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. మొన తేలిన పెల్లెట్లు పది మీటర్ల ఆటకు పనికిరావు.

తక్కువ ధరలో దొరికేవి ఎక్కువగా స్ప్రింగ్ రైఫిళ్లు. గొట్టాన్ని కిందికి వంచితే లోపల స్ప్రింగ్ ముడుచుకుని పిస్టన్ వెనక్కి వెళ్లి ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. ఇక్కడే ఉంది చిక్కు. బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది, చివర గాలి మెత్త మీద పిస్టన్ ఆగేటప్పుడు ముందుకు లాగుతుంది. ఈ ఊగులాట మొదలైపోయాక కానీ పెల్లెట్ గొట్టం దాటి బయటపడదు. తుపాకీని ఎలా పట్టుకున్నాం, ఎంత గట్టిగా పట్టుకున్నాం అన్నదాన్నిబట్టి దెబ్బ పడే చోటు మారిపోతుంది. స్ప్రింగ్ బలం పెరిగేకొద్దీ ఈ ఊపు పెరుగుతుంది. అంటే ఎక్కువ వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టి, గురి తప్పించే గుణాన్ని కూడా కొనుక్కుంటున్నామన్నమాట. స్ప్రింగ్ రైఫిల్ కొనక తప్పదనుకుంటే అదే కంపెనీలో తక్కువ శక్తి ఉన్న మోడల్ తీసుకోవడం మేలు. పట్టుకునేటప్పుడు ముందు చేతిని బిగించకుండా తెరిచిన అరచేతి మీద ఆనించి, ప్రతిసారీ అదే చోట ఆనించాలి.

పిల్లల విషయంలో ఇంకో కారణం ఉంది. పెద్ద పోటీలో 60 పెల్లెట్లు కొట్టాలి, గురి సర్దుకోవడానికి కొట్టేవి వేరే. సాధనలో అంతకన్నా ఎక్కువే. బలమైన స్ప్రింగ్ ఉన్న రైఫిల్‌ను పన్నెండేళ్ల పిల్ల అన్నిసార్లు వంచాలంటే ఇరవయ్యోసారికే భుజం లాగేస్తుంది. అలసిన చెయ్యి వణుకుతుంది, వణికే చేత్తో గురి కుదరదు. కాబట్టి కొనే తుపాకీని వాడబోయే పిల్లే షాపులో స్వయంగా పదిసార్లు వంచి చూడాలి, నాన్న కాదు.

ట్రిగ్గర్ మీద మాత్రం రాజీ పడకూడదు. చవక రైఫిళ్లలో ట్రిగ్గర్ నొక్కడానికి రెండు మూడు కిలోల బలం పట్టడం మామూలే. పోటీ రైఫిల్‌లో అది గ్రాముల్లో ఉంటుంది. మూడు నాలుగు కిలోల బరువుండే తుపాకీని నిలబెట్టి పట్టుకుని, దాదాపు అంతే బలంతో వేలు లాగితే తుపాకీ కదలకుండా ఎలా ఉంటుంది? ఊళ్లకెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచుకునే చిన్న కొక్కెం కాటా ఉంటే ఈ బలం కొలవచ్చు. పెల్లెట్ పెట్టి, గొట్టం పెల్లెట్లు ఆగే పెట్టెవైపు ఉంచి, ట్రిగ్గర్‌కు కొక్కెం తగిలించి మెల్లగా వెనక్కి లాగాలి. పేలిన క్షణంలో కాటా చూపించే అంకె ఒక్కటే కాదు, ఐదుసార్లు లాగితే ఐదుసార్లూ దాదాపు అదే అంకె రావాలి. ఒకసారి కిలోన్నర, ఇంకోసారి రెండున్నర చూపే ట్రిగ్గర్ కన్నా ప్రతిసారీ రెండు చూపే ట్రిగ్గర్ చాలా నయం. వేలు నేర్చుకునేది ఒకే రకంగా వచ్చే బలాన్నే. పెల్లెట్ లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. స్ప్రింగ్ రైఫిల్‌ను ఖాళీగా పేలిస్తే పిస్టన్ నేరుగా లోపలి గోడకు కొట్టుకుని సీలు పాడవుతుంది.

గురిచూపు విషయంలో చాలామంది డబ్బు తగలేసేది టెలిస్కోప్ మీద. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్‌కు అనుమతే లేదు. అదీగాక స్ప్రింగ్ రైఫిల్ రెండువైపులా ఊగే ఊపుకు చవక టెలిస్కోప్ లోపలి అద్దాలు కదిలిపోతాయి. ఆ డబ్బుతో పీప్ సైట్, అంటే చిన్న రంధ్రంలోంచి చూసే వెనక గురిచూపు, కొనుక్కోవాలి. దాని లాభం లెక్కలో చూపించవచ్చు. మామూలు ఓపెన్ సైట్‌లో వెనక గాడికి, ముందు మొనకు మధ్య దూరం 45 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కన్ను ముందు మొనను పదో వంతు మిల్లీమీటరు పక్కకు పెట్టినా పది మీటర్ల దగ్గర దెబ్బ 2.2 మిల్లీమీటర్లు తప్పుతుంది. అది దాదాపు ఒక వలయం. పీప్ సైట్ కంటి దగ్గరగా ఉంటుంది కనక ఆ దూరం 80 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, అదే తప్పుకు దెబ్బ 1.25 మిల్లీమీటర్లే జరుగుతుంది. చిన్న రంధ్రంలోంచి చూడటం వల్ల తుపాకీ ముందు వలయం, టార్గెట్ రెండూ ఒకేసారి తేటగా కనిపించడం ఇంకో లాభం. పీప్ సైట్ బిగించాలంటే తుపాకీ వెనక భాగం మీద 11 మిల్లీమీటర్ల రైలు, అంటే సైట్ బిగించే పట్టీ, ఉండాలి. కొనే ముందు అది చూసుకోకపోతే తరువాత అమర్చే దారి ఉండదు.

మార్కెట్ విషయానికొస్తే, మన దేశంలో దశాబ్దాల పాటు తయారైన '35' మోడల్ స్ప్రింగ్ రైఫిళ్లు జర్మనీ డయానా 35 నమూనావి. పాతవి కొన్ని ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. కానీ ఒకే మోడల్‌లో ఒక తుపాకీకి ఇంకో తుపాకీకి తేడా చాలా ఉంటుంది కాబట్టి కళ్లు మూసుకుని కొనేవి కావు. గొట్టం మడత దగ్గర పక్కకు ఊపి చూస్తే ఏమాత్రం కదలిక ఉన్నా వదిలేయాలి. ఆ మడతే గురికి ఆధారం. మహారాష్ట్రకు చెందిన ప్రెసిహోల్ రావడంతో ఈ పరిస్థితి మారింది. లోహంలో లోతైన రంధ్రాలు వేసే యంత్రాలు తయారుచేయడం ఆ సంస్థ అసలు వృత్తి. గొట్టం నాణ్యతే ప్రాణమైన ఎయిర్ రైఫిల్ తయారీలోకి అలాంటివాళ్లు దిగడం కొనేవాళ్లకు నిజంగా మేలు చేసింది. పది పదిహేను వేల దగ్గర స్ప్రింగ్ రైఫిల్, దానికి మూడు నాలుగు రెట్ల ధరలో గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ ఇప్పుడు స్వదేశీ తయారీలోనే దొరుకుతున్నాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్, స్టెయిర్ లాంటి విదేశీ పోటీ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి.

పీసీపీ అంటే ముందే నింపిన గాలితో పనిచేసేది. సిలిండర్‌లో 200 బార్ల పీడనం వరకు గాలి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే వాల్వు ఒక్క క్షణం తెరుచుకుని కొంచెం గాలి పెల్లెట్‌ను తోస్తుంది. లోపల దూకే బరువైన పిస్టన్ లేదు కనక తుపాకీ దాదాపు ఊగదు. గురి ఆటను పట్టుదలగా ఆడాలనుకునేవాళ్లకు స్ప్రింగ్ రైఫిల్‌తో రెండేళ్లు పోరాడడం కంటే ఇంకొన్ని నెలలు డబ్బు కూడబెట్టి స్వదేశీ పీసీపీ కొనుక్కోవడమే తెలివైన పని. అయితే గాలి ఎక్కడ నింపాలి అన్న ప్రశ్న ముందే తేల్చుకోవాలి. టైర్లకు గాలికొట్టే పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ల దగ్గరే ఆగిపోతుంది. దీనికి ప్రత్యేకమైన హ్యాండ్ పంపు కావాలి, లేదా డైవర్లు వాడే పెద్ద సిలిండర్ కావాలి. ఒక్కరే వాడుకునేవాళ్లకు హ్యాండ్ పంపు చాలు. పంపు కొట్టేటప్పుడు మధ్యమధ్యలో ఆగి చల్లారనివ్వాలి, లేకపోతే తేమ లోపలికి చేరుతుంది. వెల్డింగ్ షాపులోని ఆక్సిజన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. లోపలి నూనె, గ్రీజు ఆక్సిజన్‌తో కలిస్తే పేలుడే. మే నెల ఎండలో తిరుపతి నలభై డిగ్రీలు దాటుతుంది, నింపిన సిలిండర్‌ను మూసిన కారులో వదిలి వెళ్లడం కూడా ప్రమాదమే.

బడ్జెట్ వేసేటప్పుడు దాదాపు అందరూ మరిచిపోయేది పెల్లెట్లు. మంచి పెల్లెట్ ఒక్కోటి రెండు రూపాయలే అనుకుందాం. రోజుకు నూరు చొప్పున నెలకు పాతిక రోజులు సాధన చేస్తే ఐదు వేలు. మూడు నెలల్లో పెల్లెట్ల ఖర్చు స్ప్రింగ్ రైఫిల్ ధరను అందుకుంటుంది. ఏడాదికి అరవై వేలు. తుపాకీ కొనడానికి ఉన్న డబ్బంతా తుపాకీ మీదే పెట్టేసి తరువాత నాసిరకం పెల్లెట్లతో నెట్టుకొచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. నాసిరకం డబ్బాలో బరువులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, అంచులు నలిగి ఉంటాయి. అలాంటి పెల్లెట్లతో ఎంత మంచి గొట్టమైనా గురి చెదురుతుంది. ప్రతి గొట్టానికీ నచ్చే పెల్లెట్ వేరు కాబట్టి మొదట్లో నాలుగు రకాలు కొంచెం కొంచెం తెచ్చి, పైన చెప్పిన ఐదు దెబ్బల పరీక్ష పెట్టి, ఏది దగ్గరగా పడితే ఆ రకం డబ్బాలు కొనుక్కోవాలి. ఖర్చు తగ్గించే దారి కూడా ఒకటుంది. పోటీ ఆటగాళ్లు రోజూ చేసే సాధనలో పెద్ద భాగం పెల్లెట్ లేకుండానే జరుగుతుంది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే వీలున్న రైఫిల్‌తో నిలబడి, గురిపెట్టి, ఊపిరి బిగబట్టి, నొక్కి, నొక్కిన తరువాత కూడా రెండు క్షణాలు గురిలోనే ఉండటం. దీనికి పైసా ఖర్చు లేదు. స్ప్రింగ్ రైఫిల్‌లో ఈ వీలు లేకపోవడం పీసీపీ వైపు మొగ్గడానికి ఇంకో కారణం.

ఇంట్లో సాధనకు చోటు గురించి. పది మీటర్లంటే 33 అడుగులు. నిలబడేవాడికీ, టార్గెట్ వెనక పెట్టెకూ కలిపి నలభై అడుగుల పొడవుంటే చాలు. మెట్లగది పోను అంత పొడవు మిగిలే మిద్దె మీద ఇది అమరుతుంది. టార్గెట్ మధ్యచుక్క నేలకు 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. టార్గెట్‌ను మెట్లగది గోడకు ఆనించే పెట్టాలి, పిట్టగోడవైపు పెట్టకూడదు. తప్పిన పెల్లెట్ పక్కింటి మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకుంటున్న వాళ్లకు తగిలితే ఆట అక్కడితో ఆగిపోతుంది, కేసు మొదలవుతుంది. పెల్లెట్లు ఆగడానికి వెనక ఇనుప రేకు వేసి, ముందు పాత బట్టలు దట్టంగా కుక్కిన లోతైన చెక్కపెట్టె చాలు. ఉత్త రేకు మీద నేరుగా కొడితే పెల్లెట్ తిరిగొచ్చి కంట్లో పడే ప్రమాదముంది, అందుకే కళ్లద్దాలు తప్పనిసరి. మెట్లగది తలుపు సాధన జరిగినంతసేపూ మిద్దె వైపు నుంచి గడియపెట్టి ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి. ముట్టుకున్న చేత్తో తినకూడదు, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకునే అలవాటు మొదట్లోనే మాన్పించాలి.

చట్టం సంగతి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మిగతా చోట్ల కంటే ఎక్కువ గుర్తుంచుకోవాలి. ఒకవైపు శేషాచలం అడవి, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఇంకోవైపు పలమనేరు, కుప్పం దగ్గర కౌండిన్య అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగుపెట్టడమే నేరం. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట అక్కడ రక్షించదు. పిట్టలను, ఉడతలను కొట్టడం ఎక్కడైనా తప్పే. మిద్దె మీదికొచ్చే కోతులను బెదిరించడానికి తుపాకీ కొంటామనేవాళ్లు కూడా ఉన్నారు. అందుకోసమైతే కొనవద్దు. కోతికి గాయమవుతుంది, పెల్లెట్ లోపల ఉండిపోయి చీము పట్టి నెలల తరబడి నరకం అనుభవించి చస్తుంది. 1960 జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం కూడా. ప్రయాణంలో రైఫిల్ ఎప్పుడూ మూసిన సంచిలో, పెల్లెట్ లేకుండా ఉండాలి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో కొని తెచ్చుకుంటూ దారిలో కొండకు వెళ్లొద్దామనుకుంటే అలిపిరి తనిఖీ దగ్గరే ఆపేస్తారు. ముందు ఇంట్లో దించి వెళ్లాలి. కొన్నచోట గుర్తింపు, చిరునామా పత్రాలు తీసుకుని రిజిస్టర్‌లో రాస్తారు. ఆ బిల్లును, శక్తి 20 జౌళ్లలోపేనని తెలిపే తయారీదారు కాగితాన్ని రైఫిల్ సంచిలోనే ఉంచుకోవాలి.

పోటీల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఏ విభాగమో తేల్చుకోవాలి. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్, పీప్ సైట్ రెండూ వేర్వేరు ఎయిర్ రైఫిల్ విభాగాలు. ఓపెన్ సైట్‌లో మొదలుపెట్టే పిల్లకు ఖరీదైన రైఫిల్ అక్కర్లేదు. కోచ్ ఉన్న రేంజ్‌లో వాళ్ల రైఫిల్‌తోనే కొన్ని నెలలు ఆడించి, పిల్ల ఒడ్డూ పొడుగూ, ఆసక్తి చూసుకుని కొనడం మంచిది. ఎదిగే వయసులో ఏడాది తిరిగేసరికి చెయ్యి పొడవు మారుతుంది కాబట్టి బట్ (భుజానికి ఆనే చివర) పొడవును సర్దుకునే వీలున్న స్టాక్ (గొట్టాన్ని బిగించిన దిమ్మె) తీసుకోవాలి. రైఫిల్ బరువు నియమాల ప్రకారం 5.5 కిలోలు మించకూడదు. చిన్నపిల్లలకు అందులో సగం కాస్త పైచిలుకు ఉంటే చాలు.

ఆట మానేసిన షూటర్ల దగ్గర విదేశీ పోటీ రైఫిల్ సగం ధరకు దొరికే సందర్భాలు కూడా వస్తుంటాయి. తక్కువ డబ్బులో దొరికే అత్యుత్తమ రైఫిల్ అదే కావచ్చు. అయితే ముందుగా చూడాల్సింది గొట్టం కాదు, గాలి సిలిండర్. దాని మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువే ఇస్తాయి. గడువు తీరిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే పరికరాల తనిఖీలో ఇబ్బంది తప్పదు, అధిక పీడనంలో అది నమ్మదగినదీ కాదు. కొత్త సిలిండర్ విదేశం నుంచి రావాలి, ధర వేలల్లో ఉంటుంది. కాబట్టి బేరంలో ఆ మొత్తం తగ్గించమని అడగాలి. తరువాత సిలిండర్ నింపి, అది చల్లారాక మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్నకు ముల్లు దిగితే సీలు లీకవుతున్నట్టు. సీలు మార్చడం పెద్ద ఖర్చు కాదు గాని, అమ్మేవాడు ఆ విషయం ముందే చెప్పాడా లేదా అన్నదాన్నిబట్టి మిగతా మాటలను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అమ్మినవాడి నుంచి మొదటి బిల్లు నకలు, రైఫిల్ నంబరు రాసిన సంతకం కాగితం తీసుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.